అమ్మానాన్నలతో గాల్వెస్టన్ క్రూయిజ్: ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? ఇంకా 5 రోజులే టైముంది

తెనాలి_ఫ్రిస్కో | గురువారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. అక్టోబరులో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి 7 రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. హోండురస్‌లో రోవటాన్, మెక్సికోలో కోస్టా మాయా, కోజుమెల్ పోర్టులు. నేను, నా భార్య, పిల్లలిద్దరు (8 ఏళ్లు, 4 ఏళ్లు), ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్న. రెండు బాల్కనీ రూములు, మొత్తం 8,600 డాలర్లు. తొమ్మిది రోజుల క్రితం 1,500 డిపాజిట్ కట్టాను.

అమ్మానాన్న ఇప్పుడు తెనాలిలోనే ఉన్నారు, ఆగస్టులో విజిటర్ వీసా మీద వస్తారు. నాన్నకి 69, సెప్టెంబరులో 70 నిండుతాయి. 2022లో స్టెంట్ వేశారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. పోయిన నెల చెకప్‌లో బీపీ మాత్ర డోసు పెంచారు. మనిషి మాత్రం బాగానే ఉన్నారు, రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద గంటసేపు నడిచొస్తారు.

బుక్ చేసేటప్పుడు క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఇన్సూరెన్స్ ఒక్క టిక్కుతో వచ్చేస్తుందని చూపించింది, నేను పెట్టలేదు. ఇప్పుడు పోల్చి చూపించే సైట్‌లో చూస్తే ముప్పై ప్లాన్లు వచ్చాయి, 290 డాలర్ల నుంచి 900 దాకా. కొన్నిటిలో మొదటి డిపాజిట్ కట్టిన 14 రోజుల్లోపే కొనాలని ఉంది. అంటే మంగళవారం లోపు తేల్చుకోవాలి. నాన్న ఆరోగ్యం గురించే నా టెన్షన్ అంతా. ఏది తీసుకోవాలో, అసలు ఏం చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మంజీర72 | గురువారం, రాత్రి 10:50

మేము న్యూజెర్సీ నుంచి ఇప్పటికి తొమ్మిది క్రూయిజులు వెళ్లాం, ఒక్కసారి కూడా ఇన్సూరెన్స్ తీసుకోలేదు, ఒక్కసారి కూడా అవసరం రాలేదు. మంచి క్రెడిట్ కార్డుతో బుక్ చేసి ఉంటే క్యాన్సిలేషన్ అందులోనే ఉంటుంది. ఆ డబ్బు పెట్టి పిల్లల్ని కోజుమెల్‌లో బీచ్‌కి తీసుకెళ్లండి.

లెక్కల_మాస్టారు | గురువారం, రాత్రి 11:31

పదకొండేళ్లు ట్రావెల్ క్లెయిములు చూసే ఉద్యోగం చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

తమ్ముడూ, ముందు ఒకటి తేల్చుకో. నీ భయం టికెట్ డబ్బులు పోతాయనా, నాన్నగారికి సముద్రం మీద ఏదైనా అవుతుందనా? రెండూ ఒకే పాలసీలో కనిపిస్తాయి గానీ లెక్కలు పూర్తిగా వేరు. టికెట్ల మీద నువ్వు పోగొట్టుకునేది ఎంత ఎక్కువన్నా 8,600. అదే రోవటాన్‌లో నాన్నగారికి గుండె నొప్పి వచ్చి, అక్కడి నుంచి నర్సును పెట్టి ఎయిర్ అంబులెన్సులో హ్యూస్టన్‌కి తేవాల్సి వస్తే యాభై వేల డాలర్లు కూడా దాటొచ్చు, లక్ష దాటే కేసులూ ఉంటాయి. చాలామంది మొదటి దాని గురించే ఆలోచించి కొంటారు, రెండో దాంట్లో మునుగుతారు. క్రూయిజ్‌కి ఇన్సూరెన్స్ అంటే నా దృష్టిలో ముందు మెడికల్ (వైద్యం ఖర్చు), ఆ తర్వాత ఎవాక్యుయేషన్ (అలా రోగిని తరలించే ఖర్చు), ఆఖర్న టికెట్. మనిషికి మెడికల్ కనీసం లక్ష డాలర్లు, ఎవాక్యుయేషన్ కనీసం రెండున్నర లక్షలు ఉన్నవే చూడు. మిగతావి ఎంత తక్కువ ధరకి వచ్చినా పక్కన పెట్టేయ్.

ఇక నువ్వు రాసిన 14 రోజుల సంగతి. దాదాపు ప్రతి పాలసీలో లుక్-బ్యాక్ అని ఒక కాలం ఉంటుంది, 60 రోజులో 90 రోజులో 180 రోజులో. నువ్వు పాలసీ కొన్న రోజు నుంచి వెనక్కి అన్ని రోజుల్లో ఏ జబ్బుకైనా కొత్తగా లక్షణాలు కనిపించినా, వైద్యం జరిగినా, మాత్ర మారినా, డోసు మారినా ఆ జబ్బును ముందు నుంచీ ఉన్నదిగా లెక్కేస్తారు, దానివల్ల వచ్చే క్లెయిమ్ ఇవ్వరు. నాన్నగారికి పోయిన నెల డోసు పెంచారన్నావు చూడు, అదే ఇక్కడ పెద్ద విషయం. మనవాళ్లు అమెరికా ప్రయాణం అనగానే డాక్టరు దగ్గరికి వెళ్లి అన్ని పరీక్షలూ చేయించుకుంటారు, ఆయన ఏదో ఒక మాత్ర మారుస్తాడు. మంచి పనే, కానీ పాలసీ కాగితంలో అది వైద్యం మారినట్టు లెక్క. స్టెంట్ వేసి నాలుగేళ్లయినా సరే, బీపీ డోసు మారింది కాబట్టి బీపీకి ముడిపడే గుండె సమస్యకీ పేచీ పెట్టగలరు.

దీన్ని తప్పించేదే వేవర్. మొదటి డిపాజిట్ కట్టిన 14 రోజుల్లోపు (కొన్ని ప్లాన్లలో 21) కొంటే, వెనక్కి రాని ట్రిప్ ఖర్చంతటికీ పాలసీ తీసుకుంటే, కొనే రోజున ప్రయాణం చేసేవాళ్లంతా ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉంటే, ముందు నుంచీ ఉన్న జబ్బు అన్న మినహాయింపును ఎత్తేస్తారు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా వేవర్ లేదు. ఇప్పటికి కట్టింది 1,500 కదా అని 1,500కే పాలసీ తీసుకోవద్దు. తర్వాత కట్టేవి కట్టినప్పుడల్లా కలుపుకోనిచ్చే ప్లాన్లు ఉన్నాయి గానీ, కలపడం ఒక్కసారి మర్చిపోతే అంతే సంగతులు. అలా పోగొట్టుకున్న ఫైళ్లు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్లాయి, బాధేసేది.

ఇంకొకటి. అమెరికాలో అమ్మే ట్రిప్ ప్లాన్లలో ఎక్కువ భాగం అమెరికాలో నివాసం ఉన్నవాళ్లకే. అమ్మానాన్నల నివాసం తెనాలి. నీ ఫ్రిస్కో అడ్రసు వాళ్లకి వేసేసి కొనొద్దు, క్లెయిమ్ రోజున పాస్‌పోర్టు కాపీ అడుగుతారు. బయటి దేశాల వాళ్లని తీసుకునే ప్లాన్లు కొన్ని ఉన్నాయి, ఫోన్ చేసి అడిగి, జవాబు ఈమెయిల్‌లో రప్పించుకో.

తెనాలి_ఫ్రిస్కో | శుక్రవారం, ఉదయం 7:05

మాస్టారూ, రాత్రి మొత్తం ఇదే చదివాను. డోసు మారడం ఇంత విషయమని నిజంగా తెలియదు. ఒక సందేహం. నేను, భార్య, పిల్లలు ఒక పాలసీ, అమ్మానాన్న ఇంకో పాలసీ అయితే, నాన్నకి బాగోలేక అందరం మానుకోవాల్సి వస్తే మా నలుగురి డబ్బులు వస్తాయా?

లెక్కల_మాస్టారు | శుక్రవారం, ఉదయం 7:40

వస్తాయి, నీ పాలసీలో వేవర్ ఉంటే. కుటుంబ సభ్యుడి అనారోగ్యం అన్న కారణంలో తల్లిదండ్రులు, అత్తమామలు ఉంటారు, వాళ్లు ప్రయాణం చేస్తున్నా లేకపోయినా. ఇది బాగా గుర్తుపెట్టుకోండి అందరూ. మనం ఇక్కడ ఓడ ఎక్కే వారం ముందు ఇండియాలో మామగారికి స్ట్రోక్ వచ్చిందని ఫోన్ వస్తే ఎవరైనా ఓడ ఎక్కుతారా, విమానం ఎక్కుతారు. మనవాళ్ల క్యాన్సిలేషన్లలో నేను తరచుగా చూసిన కారణం ఇదే. కానీ చాలా ప్లాన్లలో, ప్రయాణం చేయని ఆ కుటుంబ సభ్యుడి పాత జబ్బుకి కూడా లుక్-బ్యాక్ వర్తిస్తుంది. మనం యవ్వనంలో ఉన్నాం, మనకేం జబ్బులున్నాయి, వేవర్ ఎందుకులే అనుకుంటే దెబ్బ తినేది అక్కడే.

ఇంకో ముక్క: క్యాన్సిల్ చేయకముందే డాక్టరు పరీక్ష చేసి, ప్రయాణం వద్దని తేదీతో రాసివ్వాలి. ముందు క్యాన్సిల్ చేసి వారం తర్వాత ఉత్తరం తెచ్చుకుంటే క్లెయిమ్ కష్టం.

వైజాగ్_లహరి | శుక్రవారం, ఉదయం 11:20

రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. రెండేళ్ల క్రితం మా అత్తగారితో ఇలాంటి రూటులోనే వెళ్లాం. మూడో రాత్రి ఆవిడకి ఆయాసం మొదలైంది. మెడికల్ సెంటర్ కింది డెక్‌లో ఉంటుంది, డాక్టరూ నర్సులూ నిజంగా మంచివాళ్లు, వెంటనే ఆక్సిజన్ పెట్టి ఈసీజీ తీసి ఇంజెక్షన్లు ఇచ్చారు. కానీ ఓడ మీద ఉండేది ప్రాణం నిలబెట్టే ఏర్పాటే గానీ ఆసుపత్రి కాదు. యాంజియోగ్రామ్ ఉండదు, ఆపరేషన్ ఉండదు. పొద్దున కోజుమెల్ రాగానే దింపేయాలన్నారు. అప్పటికి ఓడ మీద బిల్లే 6,900 డాలర్లు. అది నేరుగా మన క్యాబిన్ ఖాతాలో పడుతుంది, ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే తీసుకోరు. ముందు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

కోజుమెల్‌లో ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు చేర్చుకునే ముందే కార్డు మీద డిపాజిట్ అడిగారు. మా ఆయన అమ్మతో దిగిపోయారు, నేను ఇద్దరు పిల్లలతో ఓడలో ఉండిపోయాను. ఆ హడావుడిలో అత్తగారి పాస్‌పోర్టు క్యాబిన్ లాకర్లోనే ఉండిపోయింది, అమెరికా వీసా అందులోనే ఉంది కదా, గ్యాంగ్‌వే (ఓడ దిగే వంతెన) తీసేయడానికి ఇరవై నిమిషాల ముందు పరిగెత్తుకెళ్లి ఇచ్చొచ్చాను. ఆ పరుగు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మేము తీసుకున్నది బుకింగ్‌తో పాటు వచ్చే ప్లాను. మెడికల్ పదివేల డాలర్లే. అది ఓడ మీదే దాదాపు డెబ్భై శాతం అయిపోయింది. ప్లాను మమ్మల్ని మోసం చేయలేదు, కాగితంలో రాసినంతా ఇచ్చింది. రాసింది మేము చదవలేదు. మిగతాది కార్డుల మీద కట్టి పద్నాలుగు నెలలు తీర్చాం. ఆవిడ ఇప్పుడు బాగున్నారు, అదే మాకు కావాల్సింది.

తెనాలి గారూ, పాలసీలో ఇచ్చే 24 గంటల ఎమర్జెన్సీ నంబరు ముందే ఫోన్లో పెట్టుకోండి. ఆసుపత్రిలో చేరే ముందే వాళ్లకి చెబితే డబ్బుకి హామీ వాళ్లే ఆసుపత్రికి పంపే వీలుంటుంది. ఎవాక్యుయేషన్ అయితే మరీను, వాళ్లు ఏర్పాటు చేస్తేనే కవర్ అవుతుంది, మనమే విమానం మాట్లాడుకుంటే ఇవ్వరు. మేము ఫోన్ చేసింది రెండో రోజు సాయంత్రం.

మంజీర72 | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

లహరి గారూ, మీరు రాసింది చదివాక నేను నిన్న రాసినది తొందరపాటు అనిపిస్తోంది. నాకు ఇప్పుడు మెడికేర్ (పెద్దవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) ఉంది, అది సరిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మాస్టారు గారూ, మెడికేర్ ఓడ మీద పనిచేస్తుందా?

లెక్కల_మాస్టారు | శుక్రవారం, మధ్యాహ్నం 1:02

అమెరికా పోర్టులో ఉన్నప్పుడో, అక్కడికి ఆరు గంటల దూరంలోపు అమెరికా జలాల్లో ఉన్నప్పుడో తప్ప మెడికేర్ ఓడ మీద ఇవ్వదండి. కోజుమెల్ లాంటి చోట మామూలుగా అసలే ఇవ్వదు. మీకు మెడిగ్యాప్ (మెడికేర్‌కి తోడుగా కొనే ప్రైవేటు పాలసీ) ప్లాన్ జీ గానీ ఎన్ గానీ ఉంటే విదేశీ ఎమర్జెన్సీకి 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తుంది, ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు. అదీ జీవితం మొత్తానికి 50,000 డాలర్లే. ఎయిర్ అంబులెన్సుకి అది ఏ మూలకీ రాదు. క్రెడిట్ కార్డులో క్యాన్సిలేషన్ నిజంగానే బాగుంటుంది, మీరు చెప్పింది తప్పు కాదు, కానీ మెడికల్ చాలా కార్డుల్లో ఉండదు, ఉన్నా రెండు మూడు వేలు. వచ్చేసారి టికెట్ ఖర్చు సున్నా అని వేసి కొటేషన్ తీయండి, క్యాన్సిలేషన్ లేకుండా మెడికల్, ఎవాక్యుయేషన్ మాత్రమే బాగా తక్కువలో వస్తుంది. వేవర్ మాత్రం అలా తీసుకుంటే ఎలా వర్తిస్తుందో ప్లాన్‌ని బట్టి మారుతుంది, అడగండి.

గోదారబ్బాయి | శుక్రవారం, సాయంత్రం 6:48

ఇన్సూరెన్స్ ఎంత పెద్దది తీసుకున్నా వీసా పొరపాటుకి పనికిరాదు. మాది సియాటెల్ నుంచి అలాస్కా. అమ్మానాన్నకి అమెరికా వీసా ఉంది, ఓడ సియాటెల్‌లో ఎక్కి సియాటెల్‌లోనే దిగుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాం. కానీ ఆఖరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో నాలుగైదు గంటలు ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో తర్వాత తెలిసింది, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా పోర్టుల మధ్య మాత్రమే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉందట, అందుకని ఏదో ఒక విదేశీ పోర్టు తగలాల్సిందే. ఇండియా పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి, దిగకుండా ఓడలోనే కూర్చుంటామన్నా సరే. చెకిన్ దగ్గర ఇద్దర్నీ ఆపేశారు. అమ్మ ఆ కౌంటర్ పక్కన సూట్‌కేసు మీద కూర్చుని, మీరు వెళ్లిరండి నాయనా అంటుంటే ఎలా వెళ్తాం, అందరం తిరిగొచ్చేశాం. 3,200 డాలర్లు. పాలసీలో పత్రాలు సరిగా లేక ఎక్కనివ్వకపోవడం కవర్ కాదని స్పష్టంగా ఉంది.

గ్రీన్ కార్డు ఉంటే కెనడా వీసా అక్కర్లేదు. మనలో ఎక్కువమంది హెచ్1బి (ఉద్యోగ వీసా), అమ్మానాన్న బి2 (విజిటర్ వీసా). కాబట్టి పోర్టుల లిస్టు పెట్టుకుని ఒక్కొక్క దేశానికీ, ఒక్కొక్క పాస్‌పోర్టుకీ విడిగా చూసుకోండి. తెనాలి అన్నా, మీకు హోండురస్, మెక్సికో రెండూ ఉన్నాయి.

తెనాలి_ఫ్రిస్కో | శుక్రవారం, రాత్రి 8:30

గోదారబ్బాయి బ్రదర్, థాంక్స్. రెండు దేశాల నిబంధనలూ బుక్ చేసే ముందే చూశాను, క్రూయిజ్ కంపెనీ నుంచి కూడా రాతపూర్వకంగా అడుగుతాను. అమ్మానాన్న వీసాలు 2031 దాకా ఉన్నాయి, మల్టిపుల్ ఎంట్రీ.

కొత్తగా_డాలస్ | శనివారం, ఉదయం 9:10

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. మాది కూడా హెచ్1బి. మా కంపెనీలో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. డిసెంబరు క్రూయిజ్‌కి డబ్బు కట్టేశాం. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ ఇస్తుందా? ఏ కారణానికైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు అనే రకం తీసుకోవాలా?

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 10:25

కంపెనీ తీసేస్తే చాలా ప్లాన్లు ఇస్తాయి, కానీ అదే కంపెనీలో కనీసం ఏడాది, కొన్నిట్లో మూడేళ్లు పనిచేసి ఉండాలి. మనమే మానేస్తే ఇవ్వరు. వీసా స్టేటస్ భయంతో ప్రయాణం మానుకుంటే అది మామూలు పాలసీలో కారణమే కాదు. నీలాంటి పరిస్థితికి ఏ కారణానికైనా అనే రకం పనికొస్తుంది. అయితే అది ప్రీమియాన్ని దాదాపు 40, 50 శాతం పెంచుతుంది, వెనక్కిచ్చేది 50 నుంచి 75 శాతమే, బయల్దేరడానికి 48 గంటల ముందే క్యాన్సిల్ చేయాలి, అది కూడా డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. నీ గడువు దాటిపోయి ఉంటే ఇక దాని గురించి ఆలోచించి లాభం లేదు, క్రూయిజ్ కంపెనీ ఆఖరి పేమెంటు తేదీ చూసుకో. సాధారణంగా 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది, అప్పటిదాకా నిర్ణయం ఆపుకోవచ్చు.

క్రూయిజ్ కంపెనీల సొంత ప్లాన్లలో కూడా ఈ మాట కనిపిస్తుంది, జాగ్రత్త. అక్కడ చాలాసార్లు డబ్బు చేతికి రాదు, వచ్చే క్రూయిజ్‌కి క్రెడిట్ ఇస్తారు.

ఆస్టిన్_అక్క | శనివారం, మధ్యాహ్నం 3:44

నేను ఐసీయూ నర్సును. పెద్దవాళ్లని తీసుకెళ్తున్నారు కాబట్టి నా వైపు నుంచి నాలుగు మాటలు.

నాన్నగారి స్టెంట్ రిపోర్టు, ఆఖరి ఈసీజీ, మాత్రల పేర్లు డోసులతో సహా ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించండి. ఇండియాలో కంపెనీ పేరుతో పిలిచే మాత్ర ఇక్కడ ఎవరికీ తెలియదు, మందు అసలు పేరు ఉండాలి. ఓడ డాక్టరుకి పాత ఈసీజీ చేతిలో ఉంటే, ఇప్పుడొచ్చిన మార్పు కొత్తదో పాతదో వెంటనే తెలుస్తుంది. ఒక్కోసారి దింపేయాలా వద్దా అన్నది దాని మీదే తేలుతుంది. మాత్రలు పది రోజులవి ఎక్కువే తెచ్చుకోండి, హ్యాండ్‌బ్యాగులోనే. పెద్ద సామాను మొదటి రోజు క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం అవుతుంది, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర అందులో ఉండిపోతుంది.

అమెరికా కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వస్తే వాళ్లు డబ్బు తీసుకోరు, చాలామందికి ఇది తెలియక భయపడతారు. కానీ తీరం నుంచి చాలా దూరంలో ఉంటే రాలేదు, వచ్చినా దగ్గర్లోని ఆసుపత్రిదాకానే. అసలు ఖర్చు అక్కడి నుంచి ఇంటికి తేవడం. పాలసీలో ఎవాక్యుయేషన్ "దగ్గర్లోని తగిన ఆసుపత్రికి" అని ఉందా, మనం కోరుకున్న ఆసుపత్రికి అని ఉందా చూడండి.

పిల్లలకి చేతులు సబ్బుతో కడిగించండి. ఓడల్లో వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు. జబ్బు చేస్తే క్యాబిన్‌లోనే ఉండమంటారు, ఆ రోజుల డబ్బు పాలసీలో వస్తుందో రాదో చూసుకోండి.

హైదరాబాదీ_ఉప్పల్ | శనివారం, సాయంత్రం 7:15

మేము మేలో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ వెళ్తున్నాం, పెనాంగ్, ఫుకెట్. ఏజెంట్ ప్యాకేజీలోనే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందంటున్నాడు. అమ్మకి షుగర్ ఉంది. అది సరిపోతుందా?

లెక్కల_మాస్టారు | శనివారం, సాయంత్రం 7:58

ఉందంటే సరిపోదు, పాలసీ కాగితం పంపమనండి. మూడు దేశాలూ అందులో ఉన్నాయా, క్రూయిజ్ మినహాయింపుల్లో ఉందా, మెడికల్ ఎంత, అమ్మగారి షుగర్ ప్రపోజల్ (పాలసీ దరఖాస్తు) ఫారంలో రాశారా? ఇండియా పాలసీల్లో ముందు నుంచీ ఉన్న జబ్బుకి చాలావాటిలో ప్రాణాపాయం ఉంటేనే, అదీ పరిమితిలోపే ఇస్తారు. ఏజెంట్లు త్వరగా అయిపోతుందని జబ్బులు లేవని టిక్ పెట్టేస్తుంటారు. అమ్మగారి పేరు మీద ఉన్న ఫారం మీరే నింపండి. ఇండియా దాటకముందే కొనాలి, అది కూడా గుర్తుంచుకోండి.

తెనాలి_ఫ్రిస్కో | ఆదివారం, సాయంత్రం 5:20

ఇప్పటిదాకా చేసింది రాస్తాను, తప్పుంటే చెప్పండి.

మా నలుగురికీ ఒక ట్రిప్ ప్లాన్ చూశాను, మెడికల్ లక్ష, ఎవాక్యుయేషన్ ఐదు లక్షలు, వేవర్ 14 రోజులు. పిల్లలకి పెద్దవాళ్లతో కలిపి ఫ్రీ. మెడికల్ ప్రైమరీనే, అంటే ముందు మా హెల్త్ ఇన్సూరెన్స్‌కి వెళ్లి తిరస్కరణ లేఖ తెమ్మనరు. అమ్మానాన్నలకి బయటి దేశాల వాళ్లని తీసుకునేవి రెండు దొరికాయి. ఒకదానిలో వేవర్ ఇండియా నివాసితులకి లేదని ఫోన్లో చెప్పారు. ఇంకోదాంట్లో ఉంది, 21 రోజులు, ఈమెయిల్‌లో కూడా ఇచ్చారు. ఇద్దరికీ కలిపి 412 డాలర్లు. మాకు 236.

ఆగస్టు నుంచి వాళ్లు ఇక్కడ ఉండే నెలలకి విజిటర్ ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకోవాలి కదా. అది ఉంటే ఈ 412 దండగ అంటున్నాడు మా ఫ్రెండ్. నిజమేనా?

వైజాగ్_లహరి | ఆదివారం, సాయంత్రం 6:05

విజిటర్ ప్లాన్ మాకూ ఉండింది. అందులో పాత జబ్బుకి ఉన్నట్టుండి వచ్చే ఎమర్జెన్సీకే అని ఉంది, లక్షణాలు మొదలైన 24 గంటల్లో వైద్యం తీసుకోవాలి, నెమ్మదిగా ముదిరితే ఇవ్వరు. అత్తగారు ముందు రోజు నుంచే కొంచెం ఆయాసంగా ఉందని నర్సుతో అన్నారట. ఆ ఒక్క మాట రికార్డులో రాశారు. ఇక ఏమీ రాలేదు.

లెక్కల_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:40

లహరి గారు చెప్పిందే అసలు తేడా. పైగా విజిటర్ ప్లాన్లలో చాలావాటిలో 70 దాటగానే ఈ కవరేజీ బాగా తగ్గుతుంది, కొన్నిట్లో పూర్తిగా పోతుంది. మీ నాన్నగారికి ఓడ ఎక్కే ముందు నెలే 70. అమెరికా బయటికి వెళ్లినప్పుడు వర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న, కొన్నిటిలో కొద్ది రోజుల ప్రయాణాలకే ఇస్తారు. 412 దండగ కాదు. ఈ మొత్తంలో నువ్వు పెడుతున్న అతి విలువైన డబ్బు అదే.

ఇంకొక రెండు విషయాలు చూడు. అక్టోబరు అంటే ఇంకా తుఫాన్ల కాలమే, అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. తుఫానుకి పేరు పెట్టాక కొంటే ఆ తుఫానుకి పాలసీ పనిచేయదు, నువ్వు ముందే కొంటున్నావు కాబట్టి ఆ బెంగ లేదు. కానీ తుఫాను వల్ల ఓడ రోవటాన్ మానేసి ఇంకెక్కడికో వెళ్తే దానికి క్రూయిజ్ కంపెనీ పోర్టు ట్యాక్సులు తప్ప ఏమీ ఇవ్వదు, కాంట్రాక్టులోనే ఉంటుంది. రూటు మారితే ఎంతిస్తారో నీ పాలసీలో చూడు.

ఫ్రిస్కో నుంచి కారులో వెళ్తారు కదా, ఐదారు గంటలు. ఓడ తప్పిపోతే అన్న కవరేజీ ఎక్కువగా విమానం ఆలస్యాలకి రాసి ఉంటుంది, హ్యూస్టన్ ట్రాఫిక్‌కి కాదు. ముందు రోజే గాల్వెస్టన్ చేరి పడుకోండి.

వైజాగ్_లహరి | ఆదివారం, సాయంత్రం 7:02

తుఫాను మాట వచ్చింది కాబట్టి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ అప్పుడు నేను వైజాగ్‌లోనే ఉన్నాను. గాల్వెస్టన్‌కి కూడా 2008లో ఐక్ తుఫాను వచ్చింది. పోర్టు మూసేస్తే ఓడ వేరే ఊళ్లో దింపుతుంది, లేదా రెండు రోజులు సముద్రంలోనే ఉంచుతుంది. మాత్రలు పది రోజులవి ఎక్కువ అని అక్క చెప్పింది చూడండి, అది పాటించండి.

తెనాలి_ఫ్రిస్కో | సోమవారం, రాత్రి 9:35

రెండు పాలసీలూ ఇవాళ మధ్యాహ్నం కొనేశాను, పదమూడో రోజు. మొత్తం ఖర్చు 8,600కీ వేశాను, రూముల వారీగా విడదీసి. కొనే ముందు నాన్నకి ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగాను, పొద్దున నడకకి వెళ్లొచ్చానన్నారు, ఆ తేదీ రాసి పెట్టుకున్నాను. రూటు మారితే మనిషికి కొంత మొత్తం అని ఉంది, పెద్దదేం కాదు, పర్వాలేదు.

పాలసీ పూర్తి కాగితం 38 పేజీలు వచ్చింది. నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు 14 రోజులుంది, ఆ లోపు మొత్తం చదువుతాను. మినహాయింపుల పేజీల్లో ఒక వాక్యం అర్థం కాలేదు, మాస్టారూ, రేపు టైప్ చేసి పెడతాను. గాల్వెస్టన్‌లో ముందు రోజు రాత్రికి హోటల్ కూడా తీసుకున్నాం.

ఆస్టిన్ అక్కా, మీరు చెప్పిన కాగితం కోసం నాన్న బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఈసీజీ ఫోటో తీసి పంపమన్నాను.

ఆస్టిన్_అక్క | సోమవారం, రాత్రి 10:10

ఫోటోలో అంచులు కోసుకుపోకుండా, తేదీ, పేరు కనిపించేలా తీయమనండి. కాగితం మీద ప్రింటు కూడా ఒకటి. ఓడలో ఇంటర్నెట్‌ని నమ్ముకోవద్దు.

తెనాలి_ఫ్రిస్కో | సోమవారం, రాత్రి 10:18

అలాగే అక్కా. రెండు ప్రింట్లు తీస్తాను. ఒకటి నాన్న మాత్రల సంచిలో, ఒకటి పాస్‌పోర్టులతో పాటు. ఎమర్జెన్సీ నంబరు పెద్ద అక్షరాల్లో రాసి అమ్మకి కూడా ఇస్తాను.